ఎర్ర డ్రాయరు మీద ఒక గంభీర పరిశీలన

ముందే చెప్పేస్తున్నా, ఇది నవ్వులాట వ్యవహారం కాదు. సూపర్‌మ్యాన్ ప్యాంటు మీద వేసుకునే ఎర్ర డ్రాయరు గురించి నేను 2011 నుంచీ ఆలోచిస్తున్నాను, మా ఆవిడ "ఇంట్లో ఆలోచించడానికి ఇంకేమీ లేవా" అని అడిగినా ఆలోచిస్తూనే ఉన్నాను, ఇన్నేళ్ళకి ఒక సిద్ధాంతం తేలింది. పాత సూపర్‌హీరో కామిక్స్‌ని "ఆధునిక పాఠకుడి కోసం" మళ్ళీ మొదలుపెట్టాలని అమెరికాలో ఎవరికి ఎప్పుడు బుద్ధి పుట్టినా, చెయ్యి ముందు ఆ డ్రాయరు మీదకే పోతుంది.

ఈ ఆధునిక పాఠకుడు ఎవరో, ఎక్కడుంటాడో ఎవరూ చూడలేదు. ఆయనకి సంచికల మీద పెద్ద నంబర్లంటే భయం, పెళ్ళైన హీరోలంటే చిరాకు, డ్రాయరు పైకి కనపడితే కళ్ళు తిరుగుతాయి. ఇవన్నీ ఆయన చెప్పలేదు, ఆయన తరఫున కంపెనీలు చెప్తాయి, పూనకం వచ్చినప్పుడు అమ్మవారి కోరికలు మధ్యలో ఇంకెవరో చెప్తారు చూడండి, అలా.

కొంచెం చరిత్ర చూద్దాం. 1938 జూన్ తేదీతో సూపర్‌మ్యాన్ మొదటిసారి కనపడిన యాక్షన్ కామిక్స్ నంబర్ 1 వచ్చింది, వెల 10 సెంట్లు. కథ రాసింది జెర్రీ సీగెల్, బొమ్మలు వేసింది జో షస్టర్, ఇద్దరూ క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు, హీరో మీద హక్కులు మొత్తం 130 డాలర్లకి రాసిచ్చేశారు (ఆ బాధ వేరే వ్యాసం, దాంట్లో వ్యంగ్యం కూడా ఉండదు). ఆ రోజుల్లో సర్కస్‌లో ఇనప గుండ్లు ఎత్తే పహిల్వాన్లు, కుస్తీవాళ్ళు టైట్ ప్యాంటు మీద పొట్టి నిక్కరు వేసుకునేవాళ్ళు, అది చూసి హీరోకీ వేశారు. అంటే మనం చిన్నప్పుడు "ప్యాంటు మీద డ్రాయరు వేసుకునేవాడు" అని ఎగతాళి చేసిన ఆ డ్రెస్సు 1938లో పక్కా లేటెస్ట్ ఫ్యాషన్. మన దగ్గర 1980లో ఎన్టీఆర్ గారు ఆ వేషం కట్టినప్పుడు ఈ ఆధునికుడి బెంగ ఎవరికీ లేదు, సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం పేలుడు గొడవ పక్కన పెట్టేసి ఆంజనేయస్వామి చేత వరం ఇప్పించేశారు, హాల్లో జనం ఈలలు వేశారు, ఒక రీలులో అయిపోయింది. రీలాంచ్ అంటే అదండీ.

అసలు విషయం 2011లో జరిగింది. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు వేసే డీసీ కంపెనీ వాళ్ళు నడుస్తున్న పుస్తకాలన్నీ ఆపేసి 52 పుస్తకాలు ఒకేసారి నంబర్ 1 వేసి మొదలుపెట్టారు. ప్రపంచం మొత్తాన్ని మార్చడానికి కారణం కూడా కథలోనే పెట్టారు, ఫ్లాష్ అనే పరుగుల వీరుడు వాళ్ళమ్మని కాపాడుకుందామని కాలంలో వెనక్కి పరిగెత్తాడు, తల్లి మీద ప్రేమతో విశ్వం పాడైంది, బాగుచేయబోతే ఇంకో విశ్వం వచ్చింది. మా ఆఫీసులో కూడా ఏదీ పనిచెయ్యకపోతే సర్వర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తాం కానీ దానికి ఎవరి తల్లినీ మధ్యలోకి లాగం.

ఈ కొత్త విశ్వంలో సూపర్‌మ్యాన్‌కి జిమ్ లీ కొత్త డ్రెస్సు గీశాడు. డ్రాయరు పోయింది, మెడ చుట్టూ నిలువు కాలరు వచ్చింది. అంటే కింద తీసిన గుడ్డ పైన కుట్టారు, మొత్తం మీద గజాల్లో పెద్ద తేడా రాలేదు. ప్రియురాలు లోయిస్ లేన్‌తో 1996లో జరిగిన పెళ్ళి కూడా జరగనే లేదన్నారు, మరుసటేడు వండర్ వుమన్‌తో ప్రేమ మొదలెట్టించారు, అదే ఏడు క్లార్క్ కెంట్ (డ్రెస్సు లేనప్పుడు సూపర్‌మ్యాన్ పేరు) పేపర్ ఆఫీసులో అందరి ముందూ ఉపన్యాసం ఇచ్చి ఉద్యోగం మానేసి ఇంటర్నెట్లో రాసుకుంటా అని వెళ్ళిపోయాడు. ఆకాశంలో ఎగరగలిగేవాడు నెల జీతం వదులుకుని ఆన్‌లైన్‌లో వ్యాసాలు రాయడం! నేను అదే పని చేస్తున్నాను, ఇంత ఆధునికంగా ఉన్నా ఎగరలేకపోతున్నాను.

బ్యాట్‌మ్యాన్ లెక్క ఇంకా బాగుంటుంది. కొత్త విశ్వంలో హీరోలు బయటికొచ్చి సుమారు ఐదేళ్ళే అయింది అన్నారు, కానీ బ్యాట్‌మ్యాన్ దగ్గర అప్పటికే నలుగురు రాబిన్లు పనిచేశారు, అందులో ఒకడు చచ్చి బతికొచ్చాడు, నాలుగోవాడు స్వయానా ఆయన కొడుకు, వాడికి పదేళ్ళు. ఐదేళ్ళలో నలుగురు అసిస్టెంట్లు, అమీర్‌పేట హాస్టల్లో రూమ్మేట్లు కూడా అంత స్పీడుగా మారరు. ఎందుకిలా జరిగిందంటే సింపుల్, బ్యాట్‌మ్యాన్ బాగా అమ్ముడవుతున్నాడు కాబట్టి ఆయన పాత కథల జోలికి పెద్దగా పోలేదు, ఇంకో హీరో గ్రీన్ లాంటర్న్‌దీ అంతే. అమ్ముడయ్యేవాడికి గతం ఉంటుంది, అమ్ముడవనివాడికి పునర్జన్మ ఉంటుంది. కర్మ సిద్ధాంతం మనదే అనుకుంటాం, అమెరికా ఆఫీసుల్లో కూడా పర్లేదు, బానే నడుస్తోంది.

ఒక్క చోట మాత్రం నాకు జోకు రాలేదు. బ్యాట్‌గర్ల్ వేషం వేసే బార్బరా గోర్డన్‌ని 1988లో కథలో తుపాకీతో కాల్పించి వీల్‌చైర్‌లో కూర్చోబెట్టారు, తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా ఆమె ఒరాకిల్ పేరుతో కంప్యూటర్ ముందు కూర్చుని మొత్తం హీరోల గుంపుని నడిపించింది, చదివేవాళ్ళలో వీల్‌చైర్ వాడేవాళ్ళు ఆమెని మన మనిషి అనుకున్నారు. 2011లో "ఆధునికం" పేరుతో ఆమెని లేపి నడిపించి పాత బ్యాట్‌గర్ల్ డ్రెస్సు వేశారు. వాళ్ళ దగ్గర నిజంగా ఈ కాలానికి సరిపోయే పాత్ర ఏదైనా ఉందంటే అదే, దాన్ని తీసేసి 1967 నాటిది పెట్టారు.

సరే, నంబర్ల సంగతికొద్దాం, ఇక్కడ గవర్నమెంట్ ఉద్యోగులు శ్రద్ధగా వినాలి. యాక్షన్ కామిక్స్ 904వ సంచిక దగ్గర ఆపి 2011లో మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారు కదా, 52 సంచికలు నడిచాక 2016లో ఇంకో రీలాంచ్ వచ్చింది, ఈసారి పేరే పునర్జన్మ, అప్పుడు తర్వాతి సంచిక మీద వేసిన నంబర్ 957. 904కి 52 కలిపితే 956, దాని తర్వాత 957, అంటే మధ్యలో బ్రేక్ అయిన సర్వీసుని కూడా కలిపేసి సీనియారిటీ ఇచ్చేశారు. పెన్షన్ ఆఫీసుల చుట్టూ ఏళ్ళతరబడి తిరిగేవాళ్ళకి కుళ్ళు పుట్టే ఆర్డర్ ఇది. ఈ సీనియారిటీ ఎందుకు అవసరమైందంటే ముందు 1000 కనపడుతోంది! 2018 ఏప్రిల్లో 1000వ సంచిక వచ్చింది, వెల 7.99 డాలర్లు, అందులో ఏమైంది? ఎర్ర డ్రాయరు తిరిగొచ్చింది. ఏడేళ్ళ అజ్ఞాతవాసం, పాండవుల కన్నా ఆరేళ్ళు ఎక్కువ.

పోటీ కంపెనీ మార్వెల్ తక్కువేం తినలేదు. కెప్టెన్ మార్వెల్‌కి 2012లో ఒక నంబర్ 1, 2014లో ఒకటి, 2016లో ఒకటి, 2019లో ఒకటి. మా వీధిలో టిఫిన్ సెంటర్ కూడా ఇన్నిసార్లు "శుభారంభం" బ్యానర్ కట్టలేదు, అదైనా ఓనర్ మారినప్పుడే కడతారు. 2018 నుంచి అయితే కొత్త నంబర్ పెద్దగా వేసి పక్కనే పాత లెక్క ప్రకారం అసలు నంబర్ చిన్న అక్షరాల్లో వేయడం మొదలెట్టారు, సర్టిఫికెట్‌లో పుట్టినరోజు వేరు, అసలు పుట్టినరోజు వేరు అని చెప్పుకునే మన పెద్దవాళ్ళ పద్ధతి.

స్పైడర్‌మ్యాన్ పెళ్ళి గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. పీటర్ పార్కర్‌కి మేరీ జేన్‌తో 1987లో పెళ్ళైంది, ఇరవై ఏళ్ళు కాపురం చేశాక 2007లో కంపెనీకి అనుమానం వచ్చింది, పెళ్ళైన కుర్రాడు కుర్రాడేనా అని. విడాకులిప్పిస్తే ఇంకా ముసలాడైపోతాడు, భార్యని చంపితే బాగోదు. అందుకని మే పెద్దమ్మకి (ఆమె భర్త బెన్, పీటర్ తండ్రికి అన్న కాబట్టి మన లెక్కలో పెద్దమ్మే, ఆంటీ అంటే వరస తేలదు) తుపాకీ దెబ్బ తగిలించి, ఆమె ప్రాణానికి బదులు మెఫిస్టో అనే దెయ్యానికి పీటర్ తన పెళ్ళిని రాసిచ్చేసేలా కథ పెట్టారు. పెద్దమ్మ బతికింది, పెళ్ళి మాయం, ఎవరికీ గుర్తు కూడా లేదు. సంతకం, సాక్షులు, స్టాంపు పేపర్ ఏమీ లేకుండా.

ఇప్పుడు చూడండి చోద్యం. 2024లో మార్వెల్ వాళ్ళే ఇంకో విశ్వంలో కొత్త అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ మొదలెట్టారు, జొనాథన్ హిక్మన్ రాశాడు, అందులో పీటర్‌కి గడ్డం ఉంది, పెళ్ళాం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, ఆ వయసులో సాలీడు కుట్టింది. జనం ఎగబడి కొన్నారు, మళ్ళీ మళ్ళీ ప్రింట్ వేశారు. ఏ సంసారం వల్ల హీరో పాతబడ్డాడని దెయ్యానికి అమ్మేశారో అదే సంసారం 17 ఏళ్ళకి "సరికొత్త ఐడియా" అయింది. అదే ఏడాది డీసీ వాళ్ళు బ్యాట్‌మ్యాన్ ఆస్తి మొత్తం పీకేసి, తల్లిని బతికించి, ఆయన్ని సిటీలో ఇంజనీరుగా పెట్టి, గుండె మీద ఉన్న గబ్బిలం గుర్తుని గొడ్డలిగా మార్చి వదిలారు, అదీ విరగబడి అమ్ముడైంది. ఈ రెండూ నేనూ కొన్నాను, బావున్నాయి, వ్యంగ్యం రాసేవాడికి ఇలాంటివి వస్తే కష్టం.

మనకీ ఒకసారి ఆధునికం చేసిపెట్టారు, మర్చిపోయారేమో. 2004లో స్పైడర్‌మ్యాన్ ఇండియా వచ్చింది, హీరో పేరు పవిత్ర్ ప్రభాకర్, ముంబై కుర్రాడు, మేరీ జేన్ పేరు మీరా జైన్, మే పెద్దమ్మ మాయ, బెన్ భీమ్. ప్రాస కోసం ఇంత కష్టం మన సినిమా కవులు కూడా పడరు. అక్కడ ఆధునికం అంటే డ్రాయరు తీసెయ్యడం, మనకి ఆధునికం అంటే టైట్ ప్యాంటు మీద ధోవతి చుట్టడం. 4 సంచికలకే ఆగింది, కానీ ఆ పిల్లాడు తర్వాత సినిమాదాకా వెళ్ళాడు, బంగారం.

ఇంతకీ ఈ నంబర్ 1లు ఎవరు కొంటున్నారు? అమెరికాలో కామిక్స్ దుకాణాలు సరుకు తెప్పిస్తే మామూలుగా వాపసు ఉండదు, అమ్ముడవకపోతే ఓనర్ నెత్తినే. నంబర్ 1 అనేసరికి దుకాణం వాళ్ళు ఆశపడి ఎక్కువ తెప్పిస్తారు, దానికి తోడు వేరే అట్టలు, 25 కాపీలు తెప్పిస్తే ఒక స్పెషల్ అట్ట అనే లెక్క ఉంటుంది, కొత్తిమీర కట్ట ఫ్రీ కోసం పాతిక కేజీల ఉల్లిపాయలు కొన్నట్టు. 1991లో ఎక్స్‌మెన్ నంబర్ 1 ఐదు రకాల అట్టలతో 80 లక్షల కాపీలు దాటింది, ప్రపంచంలో అంతమంది చదివారని కాదు, ఒక్కొక్కడు ఐదేసి కొన్నాడు, ఇప్పటికీ పాత సరుకు డబ్బాల్లో డాలర్‌కి దొరుకుతాయి. అందుకని కొత్త పాఠకుడి కోసం అని వేసిన నంబర్ 1ని కొనేది 45 ఏళ్ళ పాత పాఠకుడు, అదీ చదవడానికి కాదు, ప్లాస్టిక్ కవర్లో పెట్టడానికి. నా గురించే చెప్తున్నా. గ్యారేజ్‌లో ఆ అట్టపెట్టెలు ఎప్పుడు తీస్తారండీ అని మా ఆవిడ అడగడం మొదలెట్టి మూడు రీలాంచ్‌లు అయింది.

మొన్న శనివారం పరీక్ష పెట్టా. మావాడికి పదకొండేళ్ళు, ఇక్కడ న్యూజెర్సీలోనే పుట్టాడు, కంపెనీలు వెతుకుతున్న ఆధునిక పాఠకుడు వీడే అయ్యుంటాడని దుకాణానికి తీసుకెళ్ళా. గోడ నిండా నంబర్ 1లు. వాడు ఒకటి తీసి నాలుగు పేజీలు తిప్పి, "నాన్నా, వీడెవడు, వీళ్ళిద్దరికీ ముందు ఏమైంది?" అన్నాడు. చెప్పడం మొదలెట్టా, 1986 దాకా వచ్చేసరికి వాడు లేడు. వెనక జపాన్ పుస్తకాల అరల దగ్గర కింద కూర్చుని ఉన్నాడు, చేతిలో వన్ పీస్. 1997లో మొదలైన కథ, ఒకడే రాసి గీస్తున్నాడు, పుస్తకాలు 100 దాటి పోయాయి, ఒక్కసారి కూడా నంబర్ వెనక్కి తిప్పలేదు. అంత పెద్ద నంబర్ చూస్తే భయం వెయ్యట్లేదా రా అన్నా. "భయం ఎందుకు, ఒకటి నుంచి చదువుతా కదా" అన్నాడు, అదేదో నాకు తెలియని విషయంలాగా.

ఊరుకోలేక కౌంటర్ దగ్గరకెళ్ళి అడిగా, పిల్లాడికి సూపర్‌మ్యాన్ మొదటి నుంచి చదివించాలి, నంబర్ 1 ఇవ్వండి అని. ఆయన పాపం మంచివాడు, కళ్ళజోడు పైకి తోసి, "ఏ నంబర్ 1?" అన్నాడు. 1939దా, 1987దా, 2011దా, 2016దా, 2018దా, 2023దా. మూడు నా గ్యారేజ్‌లోనే ఉన్నాయని గుర్తొచ్చింది, అన్నీ సీల్ వేసి ఉన్నాయి, తీసి చదివితే విలువ పోతుంది.

చివరికి వాడికి జపాన్ పుస్తకం ఒకటి, రెండు, మూడు కొన్నా. నాకు కొత్త నంబర్ 1 ఒకటి, వేరే అట్టతో అదే ఇంకోటి. కార్లో ఎక్కాక కవర్లోంచి తీసి లైట్ కింద పెట్టి చూశా. డ్రాయరు ఉంది. ప్రస్తుతానికి.