‘ఇప్పుడు కులం ఎక్కడుంది?’ అనే మెసేజ్‌కు జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా తిరిగొచ్చే మెసేజ్ ఒకటుంది. సారాంశం ఇది: కులం తాతల కాలంతోనే పోయింది, బస్సులో పక్కవాడి కులం ఎవరూ అడగరు, పెళ్లిళ్లు పిల్లల ఇష్టం, రిజర్వేషన్లు పదేళ్లకేనని రాజ్యాంగంలోనే ఉంది, ఇప్పుడున్నవి రెండే కులాలు, ఉన్నవాళ్లు, లేనివాళ్లు. దీన్ని పంపేవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లూ ఉన్నారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

బస్సు మాట చాలావరకు నిజం. టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకు ఆ మార్పు విలువ తెలుసు. కానీ అది ఊరికే రాలేదు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో గొడవ రాజుకున్నది సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందన్న దగ్గరే. ముదిరి ముదిరి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపేదాకా వెళ్లింది. ఇప్పటికీ అద్దె ఇంటికి వెళ్తే కులం పేరెత్తరు గానీ ‘ఇంటిపేరేంటి? సొంతూరేది? నాన్‌వెజ్ వండుతారా?’ అంటారు. హైదరాబాద్‌లో నేను మూడు ఇళ్లు మారాను. మూడు చోట్లా అడ్వాన్స్ సంగతి కంటే ముందు వచ్చినవి ఈ ప్రశ్నలే.

పెళ్లి సంగతికొస్తే, 2011-12లో దేశవ్యాప్తంగా జరిగిన మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు దాదాపు 5 శాతమే. దంపతుల్లో ఒకరు ఎస్సీ అయితే ప్రోత్సాహకంగా రెండున్నర లక్షలిచ్చే కేంద్ర పథకం ఒకటి పెట్టాల్సి వచ్చింది. కులం పోయి ఉంటే ఆ పథకంతో పనేముంది? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య కళ్లెదుటే, ఆసుపత్రి బయట, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. చంపించింది అమ్మాయి తండ్రి. ఆ ఇంట్లో డబ్బుకు కొదవ లేదు, అబ్బాయీ చదువుకున్నవాడే. అడ్డొచ్చింది కులం.

ఇక రిజర్వేషన్లు. పదేళ్ల గడువు చట్టసభల సీట్లకు మాత్రమే, రాజ్యాంగం 334వ అధికరణంలో. దాన్ని పొడిగిస్తూ వస్తున్నారు, ప్రస్తుతం 2030 జనవరి దాకా ఉంది. చదువుకు, ఉద్యోగాలకు ఆధారమైన 15(4), 16(4) అధికరణాల్లో గడువన్నదే లేదు.

ఇక ‘ఉన్నవాళ్లు, లేనివాళ్లు’. వినడానికి బాగుంటుంది, నిజమైతే నాకూ సంతోషమే. కానీ మన వీధిలో డ్రైనేజీ పొంగినప్పుడు మ్యాన్‌హోల్‌లోకి దిగేదెవరు? మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల వివరాలను కేంద్రం నమస్తే పథకం కింద సేకరించింది. 2024లో బయటికొచ్చిన లెక్క ప్రకారం అప్పటికి నమోదైన సుమారు 38 వేల మందిలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీలు, ఓబీసీలను కలిపితే 92 శాతం. పేదలు అన్ని కులాల్లోనూ ఉన్నారు, పని దొరకక ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు. పేదరికమొక్కటే కారణమైతే ఆ గోతిలోకి వాళ్లందరూ దిగాలి కదా? మనుషులతో మలం ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం వచ్చింది, రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించకూడదని 2013లో ఇంకో చట్టం వచ్చింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. మనుషులు దిగుతూనే ఉన్నారు, చనిపోతూనే ఉన్నారు.