నాకు గ్యాసుందని ఫోను చెప్పింది

ఒక ఆదివారం మధ్యాహ్నం వంజరం పులుసుతో సుష్టుగా భోంచేసి, మంచమ్మీద వాలి, రీల్స్ తోస్తూ తోస్తూ కునుకు తీశాను. నేను పడుకున్నాను గానీ ఫోను పడుకోలేదు. బొటనవేలు ఎక్కడ ఆగిందో అక్కడే ఒక అమ్మాయి కడుపుబ్బరం పౌడరు గురించి చెబుతూ ఉండిపోయింది. వీడియో 40 సెకన్లు, నా కునుకు గంట. అంటే ఆ పిల్ల నాకు 90 సార్లు చెప్పిందన్నమాట. మా ఇంటావిడ మాట ఏదీ నేను అన్నిసార్లు విన్న పాపాన పోలేదు.

లేచేసరికి నాకు గ్యాస్ ట్రబులని ఖాయమైపోయింది. నాడి పట్టలేదు, నాలిక చూపమనలేదు. సాయంత్రానికి ఫోను నిండా వాము, శొంఠి, త్రిఫలం. మూడో రోజుకి పొట్టలో నిజంగానే ఏదో కదిలినట్టనిపించింది. ఆవిడతో చెబితే, "పులుసు మూడు మార్లు వడ్డించుకుంటే కదలకేం చేస్తాదండీ" అంది. ఆవిడకి ఫాలోవర్లు లేరు. అలాంటి వాళ్ల మాట ఎలా నమ్మడం?

మన ఫోన్లో ఏది చూపాలో తేల్చే లెక్క, అదే అల్గారిథం, దాని మీద కోపం తెచ్చుకోవడం అజ్ఞానం. అది మన నోటిమాట నమ్మదు, వేలి కదలిక నమ్ముతుంది. యూట్యూబ్ 2012లోనే క్లిక్కుల లెక్క వెనక్కి నెట్టి, జనం ఎంతసేపు చూశారన్నదానికి పెద్దపీట వేసింది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో ముందొచ్చినవి ముందనే పద్ధతి మానేసి, మనకేది కావాలో తనే తేల్చడం మొదలెట్టింది. 2020 జూన్ ఆఖర్లో మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధిస్తే, జూలై మొదట్లోనే రీల్స్ దిగింది. కుర్చీ చల్లారనివ్వలేదు. ఇంత శ్రమపడి నన్ను గమనిస్తున్నది ఇంకెవరు? మా అబ్బాయా?

పాతరోజుల్లో నమ్మకమంటే మహా నాటుగా ఉండేది. మా వైజాగ్ పూర్ణా మార్కెట్లో శెట్టిగారి కొట్లో కందిపప్పు తెచ్చేవాళ్లం. ఉడక్కపోతే మర్నాడు మా అమ్మ ఆ పప్పు సంచీ తీసుకెళ్లి, నలుగురూ ఉన్నప్పుడు చూసి మరీ గల్లాపెట్టె ముందు పెట్టేది. ఆయన మాటాడకుండా వేరే పప్పు కొలిచేవాడు. ఆయన నిజాయితీపరుడని కాదు, రేపు కూడా అదే గుమ్మంలో కూచోవాలి కదా. ఇప్పుడా మొహమాటాలు లేవు. ఇన్‌ఫ్లుయెన్సరుకి గుమ్మం ఉండదు, బయోలో లింకు ఉంటుంది. పప్పు సంచీ పట్టుకుని లింకు ముందు ఎంతసేపు నిలబడతాం!

ఇక తల ఊపు సంగతి. ఎంవీపీ కాలనీలో మేం ఇరవయ్యేళ్లుగా ఇడ్లీ తినే బండి ఒకటుంది. ఇరవయ్యేళ్లూ మా అబ్బాయి దాన్ని "ఆ బండి" అనేవాడు. ఓ కుర్రాడు వచ్చి వీడియో తీశాక అది "హిడెన్ జెమ్" అయింది. ఆ వీడియో తీసినప్పుడు నేను అక్కడే, ప్లేటు పట్టుకుని, ఫ్రేములోంచి పక్కకి జరగమంటే జరిగి, కళ్లారా చూశాను. ముక్క పెదాలకి అంగుళం దూరంలో ఉండగానే కుర్రాడి కళ్లు మూతపడ్డాయి. నోట్లోకి వెళ్లకముందే తల అడ్డంగా ఊగింది, నమ్మలేకపోతున్నట్టు. ఆ తర్వాతే నమలడం. నమిలాక "మావా, నెక్స్ట్ లెవెల్!" చట్నీ గిన్నె మీద ఎండ సరిగా పడలేదని ఇదంతా మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఆశ్చర్యం తాజాగానే ఉంది. మూడో ఇడ్లీ మాత్రం సగం మిగిల్చాడు.

ఇప్పుడక్కడ ఇడ్లీ మీద చీజు తురుముతున్నారు. ఎందుకయ్యా అంటే సాగుతుందట, సాగితే చూస్తారట. మొన్న సాంబారులో ఉప్పెక్కువైందన్నాను. బండి దగ్గరి కుర్రాడు నా మొహం కేసి కాదు, ఫోను కేసి చూసి, "4.6 రేటింగండీ. ఉప్పు సరిపోయినట్టే" అన్నాడు. నా నాలికకి ఒక్క రివ్యూ కూడా లేదు కాబట్టి ఊరుకున్నాను.

ప్రభుత్వం నిద్రపోతోందనుకునేరు, చట్టం దివ్యంగా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అలా సిఫారసు చేసినవాళ్లని ఏడాది, మళ్లీ చేస్తే మూడేళ్ల దాకా ఇంక ఏ సరుకునీ పొగడకుండా ఆపొచ్చు. పొగడకుండా మూడేళ్లంటే మా ఊళ్లో కొందరికి అది ద్వీపాంతరవాసమే. డబ్బు తీసుకుని చెబుతుంటే ఆ మాట కొట్టొచ్చినట్టు కనపడాలని, వినపడాలని, చెప్పే భాషలోనే ఉండాలని 2023 జనవరిలో మార్గదర్శకాలూ ఇచ్చారు. మనవాళ్లు అచ్చ ఉత్తరాంధ్ర యాసలో "ఏటి రుచి, ఏటి వాసన" అని దంచేసి, ఆ ఒక్క ముక్కా ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో, లైకు బొమ్మ చాటున పెడతారు. డబ్బు తీసుకున్నామని తెలుగులో చెప్పడానికి సిగ్గేస్తుంది కాబోలు. అంతమాత్రం సిగ్గు మిగిలినందుకు సంతోషించాలి.

పౌడరు సంగతికొస్తే, తెప్పించాను. 799 రూపాయలు, "ఈ రాత్రి వరకే". ఆ రాత్రి ఇంకా తెల్లారినట్టు లేదు, ఇవాళ చూసినా అదే మాట ఉంది. డబ్బాలో ఒక కార్డు: ఐదు నక్షత్రాలు పెట్టి, స్క్రీన్‌షాట్ పంపితే 50 రూపాయలు వాపసు. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు వేయకూడదని సరుకుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారు 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చారు. పాటించడం మాత్రం అప్పట్లో ఎవరిష్టం వారికే వదిలారు. నా ఇష్టం నేను ఆలోచించాను. పౌడరు వేసుకోకముందు నాకు గ్యాసు లేదు. వేసుకున్నాకా లేదు. అంటే మందు అమోఘంగా పనిచేసినట్టే కదా. అదే రాశాను, కాస్త నెయ్యి వేసి: "ఆరునెలల బాధ. వారంలో మాయం. వైజాగ్ నుంచి ఒక పెద్దమనిషి."

50 వచ్చింది. ఆ సాయంత్రమే దాన్ని ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చరుకి చెల్లించేశాను. పొట్లం పట్టుకుని కురుసురా సబ్‌మెరైన్ దాకా నడుస్తుంటే మా పక్కింటి మాస్టారు ఎదురయ్యారు. పొట్ట మీద చెయ్యేసుకుని ఉన్నారు.

"ఫోన్లో ఒక పౌడరు చూసి ఆర్డర్ పెట్టేనండీ. ప్రకటనలు నేన్నమ్మను, మీకు తెలుసుగా. మన ఊరాయనే ఎవరో పెద్దమనిషి రాసేడు, ఆరునెలల బాధ వారంలో పోయిందట. అదీ చూసి పెట్టేను. మంచిదేనంటారా?"

నోట్లో మిక్స్చరుంది, మాట పెగల్లేదు. కళ్లు మూసుకుని తల ఊపాను.