స్కోర్‌బోర్డు చివరి గడిలో కాపురముంటున్న ఎర్రర్ గారికి

ఎర్రర్ గారూ, నమస్కారం.

బేస్‌బాల్ స్కోర్‌బోర్డు మీద రన్స్, హిట్స్ పక్కన మూడో గడి మీదే కదా, ఆ అడ్రసుకే రాస్తున్నా. మైదానంలో ఎవడో బంతి జారవిడుస్తాడు, పైన ప్రెస్ బాక్సులో కూర్చున్న స్కోరర్ 'మామూలుగా ఆడినా పట్టాల్సిందే' అని తేల్చేస్తాడు, మీ గడిలో అంకె పెరుగుతుంది, అంతే, వాడి పరువు వేలమంది ముందు వేలాడుతుంది.

నాదొక డౌటు. అసలు బంతి దాకా వెళ్లనివాడి సంగతేంటండీ? పక్క నుంచే బంతి పోతుంటే రైల్వే గేటు దగ్గర స్కూటర్ ఆపుకున్నవాడిలా చూస్తూ నిలబడ్డాడనుకోండి, వాడి ఖాతాలో మీరు ఏమీ రాయరు, అది కొట్టినవాడి గొప్పతనమట! ఎక్కువ బంతుల వెంట పడేవాడికి ఎక్కువ తప్పులు, కదలనివాడికి క్లీన్ రికార్డు. ఇలాంటి ఆఫీసులు నేను చూశాను, అక్కడా పని చేసినవాడికే మెమో.

1980లో శాన్ డియాగో షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య కాపలా కాసేవాడు) ఓజీ స్మిత్ 621 అసిస్టులు (బంతి అందుకుని విసిరి, అవుటుకి సాయపడటం) చేశాడు, ఆ పొజిషన్‌లో ఒక సీజన్ రికార్డు అది. అదే ఏడాది ఆయన ఖాతాలో మీరు రాసినవి 24. 2010లో 36 ఏళ్ల యాంకీస్ షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్‌కి రాసినవి ఆరంటే ఆరు. కుడికీ ఎడమకీ ఆయన అందుకునే మేర తగ్గిపోయిందని, ఒక్కో బంతినీ లెక్కపెట్టేవాళ్లు అప్పటికే నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. మేనేజర్లూ కోచ్‌లూ మాత్రం ఓట్లేసి ఆయనకే గోల్డ్ గ్లవ్, అంటే ఆ పొజిషన్‌లో ఉత్తమ ఫీల్డర్ అవార్డు, ఇచ్చారు. (న్యాయంగా చెప్పాలి, 1980లో స్మిత్‌కీ ఇచ్చారు.) ఇక టెక్సస్‌లో మేముండే ఫ్రిస్కోకి దగ్గర్లోని ఆర్లింగ్టన్‌లో, 1999లో రఫాయెల్ పాల్మేరో ఫస్ట్ బేస్‌లో నిలబడింది 28 మ్యాచ్‌లే, మిగతావాటిలో ఎక్కువగా కేవలం బ్యాటింగ్‌కి దిగాడు, అయినా ఆ పొజిషన్ గోల్డ్ గ్లవ్ ఆయనకే. గట్టిగా కొడితే ఫీల్డింగ్ కూడా బాగున్నట్టే కనిపిస్తుందేమో మరి.

అలాగని ఫీల్డర్లతోనే టీమ్ నింపేయమనడం లేదు. 2010లో సియాటెల్ వాళ్లు డిఫెన్స్‌నే నమ్ముకుని బరిలోకి దిగితే 162 మ్యాచ్‌లకి 513 పరుగులొచ్చాయి, 101 ఓటములొచ్చాయి. అన్నం లేకుండా ఆవకాయ ఎంత తింటాం?

అసలు కోపం 1986 మీద. కప్పు తేల్చే ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో ఆరో మ్యాచ్, బోస్టన్ మూడు–రెండుతో ముందుంది, 1918 తర్వాత కప్పు చూడని ఊరు. ఫస్ట్ బేస్‌లో బిల్ బక్నర్, చీలమండలు పాడై కుంటుతున్న మనిషి. ఆ పోస్ట్‌సీజన్‌లో గెలుస్తున్నప్పుడు చివర్లో ఆయన్ని తీసి డేవ్ స్టేపుల్టన్‌ని పెట్టడం అలవాటు. ఆ రాత్రి మేనేజర్ జాన్ మెక్‌నమారా తీయలేదు. ఆ సీజన్లో 102 పరుగులు రప్పించిన బ్యాటు కదా అనుకుంటే, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ నిండి ఉండగా ఆ బ్యాటు గాల్లోకి లేపి అవుటయింది. పదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల ఆధిక్యం, ఇంకొక్క అవుటు చాలు. అక్కడ ప్రత్యర్థి న్యూయార్క్ మెట్స్ వరసగా మూడు హిట్లు కొట్టారు, ఒక వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందకుండా అడ్డదిడ్డంగా విసిరిన బంతి) పడి స్కోరు సమమైంది. ఇదంతా అయ్యాకే ఆ బంతి ఆయన కాళ్ల మధ్య నుంచి వెళ్లింది. మీరేమో ఆ ఒక్కటీ పట్టుకుని ఆయన జీవితాంతం వెంటపడ్డారు. అంతకు ముందు ఏడాదే 184 అసిస్టులతో ఫస్ట్ బేస్ రికార్డు పెట్టిన మనిషండీ! కుంటుతున్నవాణ్ణి మైదానంలో ఉంచింది ఎవరు? ఆ తప్పు రాయడానికి మీ స్కోర్‌బోర్డు మీద నాలుగో గడి ఎక్కడుంది?

అంత కోపం ఎందుకంటారా. నేనూ మీ నౌకరునే. మా అబ్బాయి పిల్లల టీమ్‌లో స్కోర్ పుస్తకం రాసే నాన్నని నేనే, పెన్సిలు చెవిలో పెట్టుకుని తిరుగుతుంటాను. పోయిన శనివారం షార్ట్‌స్టాప్‌లో ఆడే పాప, అంతెత్తున్న గ్లౌజు వేసుకుని, థర్డ్ బేస్ వాడి బంతి దాకా కూడా ఉరికి, పడి, లేచి విసిరింది, అది కాస్తా ఫస్ట్ బేస్ కుర్రాడి తలమీదుగా పోయింది. నేను శుభ్రంగా ఆ పాప పేరు మీద మిమ్మల్ని రాశాను. థర్డ్ బేస్ అబ్బాయి బుడగ ఊదుకుంటూ నిలబడ్డాడు, వాడికి సున్నా. వాడు బాగా కొడతాడు లెండి. సాయంత్రం కోచ్ నా పుస్తకం తిరగేసి, వచ్చే వారం లైనప్ వాట్సాప్‌లో పెట్టాడు: షార్ట్‌స్టాప్‌లో బుడగ అబ్బాయి, పాప రైట్ ఫీల్డ్‌కి, బంతి రావడమే అరుదైన మూలకి.

వాళ్లమ్మ నన్ను అడిగింది, "పుస్తకంలో ఏం రాశారన్నయ్యా?" అని. నీళ్లు నమిలాను.

ఈ శనివారం మళ్లీ మ్యాచ్. పెన్సిలుతో పాటు రబ్బరు కూడా తీసుకెళ్తున్నా. మీరు వస్తే మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ పుస్తకం మోసే ఒక నాన్న