తాతగారి సేకరణ

మొన్న ఒక హంగరీ వెండి నాణెం, దేనార్ అంటారు, అమ్మకానికొచ్చింది. పన్నెండో శతాబ్దానిది. సెంటీమీటరుకి అటూ ఇటూ వెడల్పు, పావు గ్రాము బరువు. చేప పొలుసని ఊడ్చేసినా ఆశ్చర్యం లేదు. కింద వివరం: "పాత సేకరణలోది. తాతగారిది." నాణెం అంచున మాత్రం ఇంకా తడి మట్టి.

ఆ తాతగారికి నా నమస్కారాలు. హంగరీ తాతలెవరికీ ఆల్బమ్ కొనే అలవాటున్నట్టు లేదు. సేకరణని కుండలో పోసి, పొలంలో పాతిపెట్టి పోతారు. మనవలు మాత్రం బంగారాలు. పగలు తీరిక దొరకదు కాబట్టి అర్ధరాత్రి తలకి టార్చిలైటు కట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వానకి నానిన మొక్కజొన్న చేలో తాతని వెతుక్కుంటారు. మెటల్ డిటెక్టర్ కుయ్యిమంటే చాలు, మోకాళ్ళ మీద పడతారు. కుక్క మొరిగితే లైటార్పి, బురదలో బోర్లా పడుకుని మౌనంగా తాతని స్మరిస్తారు. ఇంత పితృభక్తి మన పురాణాల్లో కూడా చూడలేదు.

అక్కడి చట్టం ప్రకారం నేలలో దొరికిన పురావస్తువు ప్రభుత్వానిది. డిటెక్టర్ పట్టాలంటే అనుమతి కావాలి. ఇవి తాతలకి వర్తించవు కాబోలు.

ఇక కొన్నవాళ్ళ వైభోగం. ఆ కాలపు దేనార్లు చాలావాటి మీద రాజు పేరుండదు. నాలుగు గీతలు, రెండు చుక్కలు, ఒక సిలువ. భూతద్దం పెట్టి ఒకాయన రెండో బేలాదంటాడు, ఇంకొకాయన రెండో గేజాదంటాడు. తెల్లారేదాకా ఇదే గొడవ.

తేల్చే దారి లేకపోలేదు. రాజులు పాత డబ్బు వెనక్కి లాక్కుని, లాభం మిగుల్చుకుని, మాటిమాటికీ కొత్తది చలామణిలోకి తెచ్చేవారు. కొత్త నాణెం ఈస్టర్ నుంచి ఈస్టర్ దాకా చెల్లాలని 1222లో ప్రభువులు రాజు చేత ఇప్పించుకున్న హక్కుల పత్రం, గోల్డెన్ బుల్‌లో రాయించుకోవాల్సి వచ్చిందంటే చూడండి. అంటే ఏ నాణెమూ ఎక్కువ కాలం చెల్లేది కాదు. అందుకే ఒకే కుండలో ఏవేవి కలిసి ఉన్నాయన్నది ముఖ్యం. పేరున్న నాణెం ఒక్కటి పక్కన దొరికినా కాలం తెలుస్తుంది. 1241లో మంగోలులొస్తున్నారని ఎవరో వణుకుతూ పాతి, మళ్ళీ తవ్వుకోలేకపోయిన కుండ అయితే మరీ విలువైన సాక్ష్యం.

ఆ కుండని పగలగొట్టి, నలభై నాణేలని నలభై కవర్లలో నలభై ఊళ్ళకి పంపేస్తారు. ఉన్న ఒక్క సాక్షినీ డబ్బిచ్చి మరీ చంపించి, ఆపైన ఇది ఏ రాజుదని రాత్రంతా వాదించుకుంటారా? సిగ్గు లేదూ? మట్టి కనబడలేదా మీ భూతద్దంలో?

ఉండబట్టలేక, తాతగారిది ఏ ఊరని అమ్మేవాడిని అడిగాను. జవాబు వెంటనే వచ్చింది: "తాతయ్య పోయి ఇరవై ఏళ్ళయిందండీ. ఇలాంటివే వచ్చే వారం ఇంకో పన్నెండు వస్తాయి, మీకు పక్కన పెట్టమంటారా?"