బెల్ట్ ఇచ్చారు సరే, హుక్ దేనికి తగిలించాలి?

విశాఖలో ట్యాంకు అనగానే ఎవరికైనా గ్యాసే గుర్తొస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ రసాయనం ట్యాంకులోంచి లీకైన గ్యాస్ చేసిన ఘోరం అలాంటిది మరి. అందుకే ప్లాంటు ఆపి ట్యాంకులు కడిగే, బాగుచేసే షట్‌డౌన్ పనులప్పుడు, పనికి అనుమతిచ్చే పర్మిట్ కాగితంలో ఆక్సిజన్ శాతం, గ్యాస్ రీడింగుల మీద అంత శ్రద్ధ. మనిషి కాలుజారి పడితే ఏంటన్న దగ్గరికొచ్చేసరికి 'సేఫ్టీ బెల్ట్ ఇచ్చాం' అని టిక్కు పెట్టేస్తే సరిపోతోంది.

సరిపోదు. ట్యాంకు కప్పు మీద నిలబడ్డవాడికి తలకంటే ఎత్తులో బెల్టు తాడు హుక్ తగిలించే చోటు చాలాసార్లు ఉండదు. చేతికందిన రెయిలింగుకో, సన్నపాటి పైపుకో తగిలిస్తాడు. పడే మనిషి కుదుపు అతని బరువుకు ఎన్నో రెట్లు. పైపు ఊడొస్తుంది.

లోపలికి దిగేచోట ఇంకో లెక్కుంది. తాడు 1.8 మీటర్లు, కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ సాగేది మరో మీటరు, బెల్టుకు తాడు కలిసే చోటు నుంచి పాదాల దాకా ఒకటిన్నర, పాదాల కింద మరో మీటరు పైచిలుకు ఖాళీ. అంటే హుక్ నుంచి కిందికి దాదాపు 5.5 మీటర్లు కావాలి. ట్యాంకు లోతే 4 మీటర్లయితే, బెల్ట్ పూర్తిగా ఆపేలోపే మనిషి అడుగున మడ్డిలో ఉంటాడు. అక్కడ కావాల్సింది మ్యాన్‌హోల్ మీద ముక్కాలి స్టాండు, పడగానే బిగుసుకునే తాడు, పైకి లాగే వించ్.

కప్పు రేకుల సంగతి మరీ అన్యాయం. పైన పెయింట్ నిగనిగలాడుతుంటుంది. బయట సముద్రపు ఉప్పుగాలి, క్రూడ్ (ముడి చమురు) ట్యాంకైతే లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఆవిర్లు, రెండువైపులా రేకును తినేస్తాయి. మందం కొలవకుండా హెల్పర్‌ని పైకెక్కించడం నా దృష్టిలో నేరమే.

గ్యాస్‌నీ, పడిపోవడాన్నీ వేర్వేరుగా చూడటమూ తప్పే. నిచ్చెన మీద ఉన్నవాడికి గ్యాస్‌తో కాస్త తల తిరిగితే చాలు, పట్టు వదిలేస్తాడు.

గాలి ఆడాలని మ్యాన్‌హోల్ తెరిచి, చుట్టూ ఎరుపు టేపు కట్టి టీకి వెళ్లిపోతారు. ప్రమాదకరమైన ట్యాంకులకు, గోతులకు గట్టి మూతో కంచో ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 33వ సెక్షనే ఏనాడో చెప్పింది. టేపు కంచె ఎలా అవుతుంది?

అసలు మనిషిని దించకుండా, మ్యాన్‌హోల్లోంచి నాజిల్ పెట్టి హైప్రెషర్ జెట్‌తో కడిగే యంత్రాలున్నాయి. వాటికి ఖర్చవుతుంది; కాంట్రాక్టు కూలీ చవక. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన కుర్రాడు 'సార్, ఇక్కడ హుక్‌కి చోటు లేదు' అంటే రేపు గేట్‌పాస్ ఉంటుందో లేదోనన్న టెన్షన్. ప్రమాదం జరిగాక మాత్రం బెల్ట్ పెట్టుకోలేదని నింద అతని మీదే.

పర్మిట్‌లో ఒక్క గడి కొత్తగా చేర్చాలి: హుక్ ఎక్కడ, బలం చూసిందెవరు, సంతకం. అది నింపాలంటే ఇంజనీరు గారు ఒకసారి ట్యాంకెక్కాల్సి వస్తుంది.