అమ్మానాన్నల సూట్‌కేసులో లేని వస్తువు

చలికాలంలో ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకు స్వెట్టర్లు కొంటాం, బూట్లు కొంటాం. ఒంటికి రాసుకోవడానికి ఏం కొన్నామని అడిగితే చాలా ఇళ్లలో జవాబు ఉండదు. క్రీము అంటే అలంకారమని, అది వయసులో ఉన్న ఆడపిల్లల వస్తువని మన ఇళ్లలో పాతుకుపోయిన అభిప్రాయం. డెబ్బై ఏళ్లు దాటినవారి విషయంలో ఈ అభిప్రాయం హాని చేస్తుంది.

చర్మం పైపొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య సున్నంలా కొవ్వులు ఉంటాయి. ఆ కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లు అనే రకం, మిగిలినవి ప్రధానంగా కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. వయసు పెరిగేకొద్దీ ఇవి తగ్గుతాయి. దానికి తోడు ఇక్కడ హీటర్లు వేసిన ఇళ్లలో గాలి పొడిబారి ఉంటుంది. లోపలి నీరు ఆవిరైపోతుంది, బయటి సబ్బులూ సువాసనలూ లోపలికి చొరబడతాయి. దురద పుడుతుంది. గోకితే పైపొర మరింత చెదిరిపోతుంది.

దురదకు పెద్దవాళ్లు చేసుకునే చికిత్స ఏమిటి? పొగలు కక్కే వేడినీళ్ల స్నానం, గట్టిగా రుద్దుకోవడం. సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న చర్మానికి క్షారగుణం ఉన్న సబ్బు రుద్దితే, కొవ్వులను తయారుచేసే ఎంజైముల పని కుంటుపడుతుంది. గోరువెచ్చని నీళ్లు, తక్కువ సబ్బు, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ (చర్మంలో తేమ నిలిపే క్రీము): ఇదీ నేను కోరే మార్పు. గ్లిజరిన్, యూరియా నీటిని పట్టి ఉంచుతాయి. పెట్రోలియం జెల్లీ ఆవిరిని ఆపుతుంది, ఆ లోగా చర్మం తన కొవ్వులను తానే తయారుచేసుకుంటుంది. 1872లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ చవక జెల్లీ ఆ పనిలో ఖరీదైన సీసాలకు ఏమాత్రం తీసిపోదు. కొబ్బరినూనె మానమని చెప్పను, కానీ నీటిని పట్టి ఉంచే గుణం దానికి లేదు. సువాసన లేనిదే కొనండి. ఒక జాగ్రత్త: ఇలాంటి జిడ్డు పట్టిన బట్టలకు త్వరగా నిప్పంటుకుంటుంది, దీపం వెలిగించేటప్పుడు చీర కొంగు చూసుకోమని అమ్మకు చెప్పండి.

నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటి. మాయిశ్చరైజర్‌కు డబ్బు దండగ అనే ఇళ్లలోనే రంగు తేల్చే క్రీములు కనిపిస్తాయి. వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్లు, పాదరసం బయటపడ్డాయి. స్టెరాయిడ్ ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడుతుంది. ఉన్న రక్షణను డబ్బిచ్చి మరీ పోగొట్టుకుంటున్నాం.

మన చామనఛాయ చర్మం మీద ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు) ఎర్రగా కనిపించకపోవచ్చు, బూడిదరంగులోనో ముదురు గోధుమరంగులోనో ఉంటుంది. పెద్దవాళ్లు తమంతట తాము చెప్పరు కాబట్టి మనమే అడిగి వాళ్ల కాళ్లూ వీపూ చూడాలి. రెండు వారాలు క్రమం తప్పకుండా రాసినా దురద తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ జబ్బుల్లోనూ దురద వస్తుంది.