తలుపు బయట నిలబడిన పెద్దలు

మా కతోలిక గుడిలో ఆదివారం పూజ అయిపోగానే పిల్లలు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాల తరగతికి వెళ్తారు. వాళ్ళను లోపలికి పంపిన తల్లిదండ్రులు మెట్ల మీద కూర్చుంటారు, ఫోన్ చూసుకుంటారు, నీడ ఉన్న చోట నిలబడి మాట్లాడుకుంటారు. గంట గడిచాక పిల్లల చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్ళిపోతారు. చాలా ఏళ్ళు ఉపదేశిగా లోపల పాఠం చెప్పిన నాకు, ఆ మెట్ల మీద కూడా ఒక తరగతి జరగాలన్న ఆలోచన రాలేదు. ఒకాయన వచ్చి అడిగేదాకా.

ఆయన తండ్రి అంతకు ముందు నెలలోనే చనిపోయాడు. తొమ్మిదేళ్ళ కూతురు, "తాతయ్య ఇప్పుడు ఎక్కడున్నాడు నాన్నా? మనం ప్రార్థన చేస్తే ఆయనకు తెలుస్తుందా?" అని అడిగిందట. "ఉత్తరించు స్థలం అని చిన్నప్పుడు బట్టీపట్టాను మాస్టారూ. ఆ మాట తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. అది నేను నమ్ముతున్నానో లేదో కూడా తెలియడం లేదు," అన్నాడు. చనిపోయినవాళ్ళు పరలోకం చేరేముందు శుద్ధి పొందే స్థితినే మేము ఉత్తరించు స్థలం అంటాం. ఆయన బాగా చదువుకున్నవాడు. ఉద్యోగంలో పదిమందికి పని నేర్పేవాడు. విశ్వాసం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పన్నెండేళ్ళ వయసులో నేర్చిన జవాబులతోనే నలభై ఏళ్ళ ప్రశ్నలను ఎదుర్కోవాల్సి వస్తోంది. అది ఆయన తప్పు కాదు. ఆ తర్వాత ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

పెద్దలకు ఉపదేశం ఇవ్వడం విషయంలో శ్రీసభ (కతోలిక సంఘం) బోధన ఎప్పుడో స్పష్టంగా ఉంది. 1971లో రోమ్ నుంచి వెలువడిన సత్యోపదేశ మార్గదర్శిని, పెద్దలకు ఇచ్చే ఉపదేశమే అన్నిటిలోకీ ప్రధానమని, మిగిలినవన్నీ ఏదో ఒక విధంగా దాని వైపు నడిపించేవేనని చెప్పింది. 1979లో రెండవ జాన్ పాల్ పోపుగారు అదే మాట చెప్పి కారణం కూడా వివరించారు. బరువైన బాధ్యతలు మోసేది పెద్దలే, క్రీస్తు సందేశాన్ని దాని పూర్తి రూపంలో జీవించగలిగేదీ పెద్దలే. 1983 నాటి శ్రీసభ చట్టంలో 229వ నిబంధన ఇంకో అడుగు ముందుకేసింది. క్రైస్తవ బోధనను తమ శక్తి మేరకు తెలుసుకోవడం గృహస్థ విశ్వాసులకు, అంటే గురువులు (ఫాదర్లు) కాని సామాన్యులకు, బాధ్యత మాత్రమే కాదు, హక్కు కూడా అంది. ఆ హక్కు అనే మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి తమకు అలాంటి హక్కు ఒకటి ఉందని తెలుసు?

ఇది 1960లలో బిషప్పులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ తర్వాత పుట్టిన ఆలోచన అనుకుంటే అదీ పొరపాటే. 1905 ఏప్రిల్ 15న పదవ పయస్ పోపుగారు సత్యోపదేశం గురించి ఒక విశ్వలేఖ (శ్రీసభ అంతటికీ పోపు రాసే లేఖ) రాశారు. పిల్లలకు ప్రతి ఆదివారం, పండుగ రోజున ఒక గంట ఉపదేశం ఇవ్వాలన్న ఆదేశం అందులో ఉంది. దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. అదే లేఖలో, పిల్లల కంటే పెద్దలకు ఉపదేశం తక్కువ అవసరమేమీ కాదని కూడా ఉంది. పూజలో చేసే ప్రసంగం కాకుండా, విడిగా, జనానికి వీలైన వేళ, వాళ్ళకు అర్థమయ్యే తేలిక మాటల్లో చెప్పాలన్నారు. విశ్వాస సంగ్రహం, దివ్య సంస్కారాలు, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన, శ్రీసభ కట్టడలు, వీటన్నిటినీ నాలుగైదేళ్ళలో పూర్తి చేయాలని గడువు కూడా పెట్టారు. ఆ లేఖలో పిల్లల సగం విచారణల్లో (ఒక్కో గుడి పరిధిలోని స్థానిక సంఘాల్లో) వేళ్ళూనుకుంది. పెద్దల సగం కాగితం మీదే ఉండిపోయింది.

ఎందుకలా జరిగింది? నాకు తోచే కారణం ఒకటుంది. 1910లో అదే పోపుగారు పూజలో ఇచ్చే అప్పాన్ని మొదటిసారి అందుకునే ప్రథమ సత్ప్రసాదం వయసును ఏడేళ్ళ ప్రాంతానికి తెచ్చారు. చిన్నపిల్లలను ప్రభువు దగ్గరికి రానివ్వండి అన్నదే ఆయన ఉద్దేశం, అది గొప్ప నిర్ణయం. కానీ కాలక్రమంలో విచారణలోని చదువంతా సంస్కారాల తేదీల చుట్టూ అల్లుకుంది. ప్రథమ సత్ప్రసాదానికి ఒక కోర్సు, జ్ఞానస్నానాన్ని తైలంతో స్థిరపరిచే భద్రమైన అభ్యంగనానికి ఇంకో కోర్సు. కోర్సు ఉంటే దానికి చివరి రోజు ఉంటుంది. చివరి రోజున కొత్త బట్టలు, ఫోటోలు. భద్రమైన అభ్యంగనం పొందిన పిల్లవాడి మనసులో "నా చదువు అయిపోయింది" అన్న భావన మనమే నాటుతున్నాం. పవిత్రాత్మ వరాలు పొందింది ఆ రోజే, పుస్తకం మూసేసిందీ ఆ రోజే.

దీని ఫలితం ఎలా ఉంటుందో అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019లో ప్రచురించిన సర్వే కొంత చూపించింది. పూజలో అప్ప ద్రాక్షారసాలు నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని నమ్ముతున్నామన్న కతోలికులు అక్కడ 31 శాతమే. ఆ సంఖ్య పెద్ద సంచలనమైంది, ప్రశ్న అడిగిన తీరు సరిగా లేదన్న వాదనలూ వచ్చాయి. నా దృష్టిలో దానికంటే ముఖ్యమైన అంకె లోపల ఉంది. అవి కేవలం గుర్తులే అనుకుంటూ, శ్రీసభ కూడా అదే బోధిస్తోందని భావిస్తున్నవాళ్ళు 43 శాతం. శ్రీసభ బోధన తెలిసి కూడా ఒప్పుకోనివాళ్ళు 22 శాతం. అంటే విశ్వాసాన్ని కాదన్నవాళ్ళ కంటే, ఆ విశ్వాసం ఏమిటో అసలు చెవిన పడనివాళ్ళు దాదాపు రెట్టింపు. ఇది అవిశ్వాసం కాదు, చెప్పకపోవడం. తమ శ్రీసభ దేన్ని నమ్ముతోందో తెలియకుండానే వాళ్ళు ఏళ్ళ తరబడి చెయ్యి చాచి సత్ప్రసాదం తీసుకుంటున్నారన్నమాట. ఇది చదివి నాకు కోపం రాలేదు, దుఃఖం కలిగింది.

"ఆదివారం ప్రసంగం ఉంది కదా, అది చాలదా?" అని అడిగేవాళ్ళున్నారు. ప్రసంగం విలువ నాకు తెలుసు. కానీ దాని పని వేరు. అది ఆ రోజు చదివిన వాక్యాన్ని ఆ రోజు బలిపూజతో ముడివేస్తుంది. ఎనిమిది నిమిషాలు దాటొద్దని ఫ్రాన్సిస్ పోపుగారు 2024లో గురువులకు చెప్పారు, దాటితే జనం నిద్రపోతారని కూడా అన్నారు. ఎనిమిది నిమిషాల్లో చెయ్యెత్తి ప్రశ్న అడిగే వీలు లేదు. "అర్థం కాలేదు ఫాదర్, మళ్ళీ చెప్పండి" అనే వీలు లేదు. పెద్దవాళ్ళు నేర్చుకునేది ఎక్కువగా ఎదురు ప్రశ్న వేసినప్పుడే. అపోస్తలుల కార్యాల్లో రథం మీద కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటున్న ఇతియోపియా అధికారిని ఫిలిప్పు ఏమడిగాడు? నువ్వు చదివేది నీకు అర్థమవుతోందా అని. ఎవరైనా వివరించకపోతే ఎలా అర్థమవుతుందని ఆయన బదులిచ్చాడు. ఫిలిప్పు కింద నిలబడి ప్రసంగించలేదు. రథం ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ మనిషి ఏ వాక్యం దగ్గర ఆగాడో అక్కడే మొదలుపెట్టాడు.

మన ప్రయత్నాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ పక్కన కూర్చోవడం దగ్గరే. పెద్దలకు తరగతులు పెట్టిన విచారణలు లేకపోలేదు. పాస్కాకు (ఈస్టర్‌కు) ముందు వచ్చే తపస్సు కాలంలో ఆరు వారాలు, సాయంత్రం, హాల్లో వరసగా కుర్చీలు, ముందు మైకు, గంటసేపు ఉపన్యాసం. మొదటి వారం నలభైమంది వస్తారు, నాలుగో వారానికి పదిమంది మిగులుతారు. ఆ పదిమంది ఎవరంటే అన్నిటికీ వచ్చేవాళ్ళే. ఇక "జనానికి ఆసక్తి లేదు" అని తేల్చేస్తారు. ఆసక్తి లేదని నేను ఒప్పుకోను. తండ్రి చనిపోయిన మనిషికి ఆసక్తి లేకుండా ఎలా ఉంటుంది? పెళ్ళి విరిగిపోయి, ఇప్పుడు సత్ప్రసాదం తీసుకోవచ్చో లేదో తెలియక వెనక బెంచీలో కూర్చునే స్త్రీకి ఆసక్తి లేకపోవడమా? ఆమెకు కావలసింది ఆమె పరిస్థితిని ఓపికగా విని, వివాహం చెల్లుబాటు గురించి శ్రీసభ న్యాయస్థానంలో ఏం అడగవచ్చో, ఏం అడగలేమో విడమర్చి చెప్పే మనిషి. విడాకులు పొందినంత మాత్రాన, మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే, సత్ప్రసాదం తీసుకోవడానికి అడ్డు లేదన్న చిన్న విషయం కూడా ఎవరూ చెప్పక ఏళ్ళ తరబడి దూరంగా ఉండిపోయినవాళ్ళున్నారు. ఒక్క మాటతో తీరే బాధ అది.

దాదాపు 1600 ఏళ్ళ కిందట కార్తేజ్‌లో దేవోగ్రాసియాస్ అనే డీకన్ (గురువుకు కింది స్థాయి పరిచారకుడు) ఇదే సమస్యతో బిషప్పు పునీత అగస్టీనుకు ఉత్తరం రాశాడు. కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పేటప్పుడు తన మాటలు తనకే చప్పగా, విసుగ్గా అనిపిస్తున్నాయన్నాడు. అగస్టీను ఒక పుస్తకమంత జవాబు రాశాడు. తన ప్రసంగం తనకూ ఎప్పుడూ తృప్తినివ్వదని ఒప్పుకున్నాడు. వచ్చిన మనిషి ఎందుకొచ్చాడో ముందు అడగమన్నాడు. నిలబడి అలసిపోతే కూర్చోబెట్టమన్నాడు. తెలిసిన సంగతులే మళ్ళీ చెప్పాల్సి వస్తోందన్న విసుగుకు ఆయన చెప్పిన మందు మరీ బాగుంటుంది. మనం రోజూ చూసే అందమైన చోటును మొదటిసారి వచ్చిన మిత్రుడికి చూపిస్తే, వాడి ఆశ్చర్యంలో మనకూ అది కొత్తగా కనిపించదా అన్నాడు. పెద్దలకు బోధించే పద్ధతుల మీద ఎన్నో చదివాను. ఇంతకంటే పనికొచ్చే సలహా నాకు దొరకలేదు.

ఆ కాలంలో పెద్దలను జ్ఞానస్నానానికి సిద్ధం చేసిన పద్ధతిని రెండవ వాటికన్ మహాసభ మళ్ళీ తెమ్మంది, 1972లో ఆ క్రమం వెలువడింది. అందులో మొదటి దశలో పాఠాలుండవు, విచారించడం ఉంటుంది. వచ్చినవాళ్ళు తమ సందేహాలు చెప్పుకుంటారు. చివరి దశ జ్ఞానస్నానం తర్వాత, పాస్కా కాలమంతా సాగుతుంది. తాము పొందినదాని అర్థాన్ని పొందాక లోతుగా తెలుసుకుంటారు. సంస్కారం పొందిన రోజు చదువు ఆగిపోదన్నమాట. శ్రీసభలో ఇచ్చే ఉపదేశానికంతటికీ ఇదే నమూనా కావాలని 1997 మార్గదర్శిని చెప్పింది. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇంత ఓపికగా చేసే మనం, పసితనంలోనే జ్ఞానస్నానం పొందినవాళ్ళను మాత్రం అన్నీ తెలిసినవాళ్ళలా చూస్తున్నాం.

కాబట్టి నేను అడిగేది కొత్త కార్యక్రమం కాదు. పెద్దలు ఇప్పటికే ఎక్కడున్నారో అక్కడికి వెళ్ళడం. పిల్లల తరగతి జరిగే గంటలో వాళ్ళు ఎలాగూ బయటే ఉన్నారు. పదవ పయస్ పోపుగారు 1905 లేఖలో ఆ వేళ వద్దన్నారు. బహుశా అప్పట్లో రెండూ ఒక్క గురువే చెప్పాల్సి రావడం వల్ల కావచ్చు. ఇప్పుడు ఉపదేశులున్నారు. ఫ్రాన్సిస్ పోపుగారు 2021 మేలో ఉపదేశి సేవను గృహస్థులకు శాశ్వతమైన పరిచర్యగా స్థాపించారు. పేరు ఇచ్చారు సరే, ఇక వాళ్ళకు చదువు చెప్పించడానికి విచారణ డబ్బు ఖర్చుపెట్టాలి. రంగులు వేయడానికి, మైకులకు దొరికే డబ్బు ఉపదేశి పుస్తకాలకు దొరకదంటే నేను నమ్మను. అపోస్తలుల కార్యాల్లో అపొల్లో వంటి పండితుణ్ణి ఇంటికి పిలిచి మార్గాన్ని ఇంకా సరిగ్గా వివరించింది ప్రిస్కిల్లా, అకుల దంపతులు. వాళ్ళు గుడారాలు కుట్టేవాళ్ళు.

ఆ తండ్రికి ఆ రోజు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. వచ్చే వారం ఇదే వేళకు మాట్లాడుకుందాం అన్నాను. ఆ వారమంతా చదివాను. తర్వాతి ఆదివారం మెట్ల మీదే కూర్చుని, మక్కబీయులు రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయంలో యూదుల సేనాని యూదా, యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం బలి అర్పించమని డబ్బు పంపిన భాగం చదివాం. పదహారవ బెనెడిక్ట్ పోపుగారు 2007 నాటి విశ్వలేఖలో ఈ శుద్ధి గురించి రాసిన మాటలూ చూశాం. ఆ శుద్ధిని క్రీస్తు చూపు తాకే క్షణంగా ఆయన వర్ణించారు. ఆ చూపు మనల్ని కాలుస్తుంది, బాగుచేస్తుంది. అది ఎంతసేపు అని మన గడియారంతో కొలవలేమని కూడా రాశారు. మన ప్రార్థన వాళ్ళకు చేరుతుందా అన్న పాప ప్రశ్నకు, ప్రేమ మరణం దగ్గర తెగిపోదన్నదే శ్రీసభ జవాబు అని చెప్పుకున్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పక్క మెట్టు మీద ఫోన్ చూసుకుంటున్న ఒకామె మాత్రం ఫోన్ పక్కన పెట్టి, "మరి జ్ఞానస్నానం లేకుండానే చనిపోయిన నా బిడ్డ సంగతేమిటండీ?" అని అడిగింది.

లోపల పిల్లల గంట మోగింది. మేము లేవలేదు.